విలేఖరికి దొరికిన వ్యవధి

అక్షరాస్యతా కేంద్రం ప్రారంభోత్సవం వార్తలను మీరు పేపర్లో చూసే ఉంటారు. దీపం వెలిగించిన అధికారి పేరు అందులో ఉంటుంది. ఆరు నెలల తర్వాత అక్కడ చదివినవారు ఏమయ్యారన్నది అరుదుగా కనిపిస్తుంది. ఎందుకు? విలేఖరి ఏ రోజు వార్త ఆ రోజే పంపాలి. ఒకే ఊళ్లో వారాల తరబడి ఉండడానికి తీరికా ఉండదు, డబ్బూ ఉండదు. ఈ లోటు తీర్చడానికే కొన్ని సంస్థలు ఫెలోషిప్పులు ఇస్తాయి. అంటే, ఒక అంశాన్ని లోతుగా పరిశీలించే పాత్రికేయులకు కొంతకాలం భత్యమూ ప్రయాణ ఖర్చులూ ఇవ్వడం.

1993లో పి. సాయినాథ్ ఇలాంటి ఫెలోషిప్పుతోనే, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రిక తరపున, దేశంలోని అతి పేద జిల్లాలు తిరిగారు. వాటిలో తమిళనాడులోని పుదుక్కోట ఒకటి. అక్కడ 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్న స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు తొక్కడం కూడా నేర్చుకున్నారు. మొదట్లో ఎగతాళి మాటలు పడ్డారు, అయినా మానలేదు. సైకిలేగా అనుకోకండి. బస్సు కోసం పడిగాపులు తప్పాయి. ఊరు దాటాలంటే తండ్రినో, అన్ననో, భర్తనో అడగనక్కరలేకపోయింది. ఎంతమంది అక్షరాస్యులయ్యారో ప్రభుత్వ నివేదిక చెబుతుంది; ఇది చెప్పదు. సాయినాథ్ వ్యాసాలు 1996లో పుస్తకంగా వచ్చాయి.

ఆలోచించండి: మీ కేంద్రానికి ఒక విలేఖరి వచ్చి నెల రోజులుంటే, ముందుగా ఎవరితో మాట్లాడమంటారు? ఎందుకు? ఐదు వాక్యాలలో రాయండి.