చేప కనిపిస్తుంది.. గాలానికి మాత్రం పడదు!

నీళ్లు తేటగా ఉంటే చేపలు పట్టడం తేలికే అనుకుంటాం కదా? తాహో సరస్సు దగ్గర ఆ లెక్క తలకిందులైపోతుంది.

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉంటుందీ సరస్సు. అత్యధిక లోతు 501 మీటర్లు. ఎనిమిది చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా పూర్తిగా మునిగిపోతాయి!

వేసవిలో నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్లాం. అసలు కారణం మాత్రం నాన్న. కోనసీమ నుంచి ఆరు నెలల కోసం మా దగ్గరికొచ్చారు. కారు నడపలేరు, మాట్లాడ్డానికి పక్కింటివాళ్లు లేరు. ‘ఇక్కడ నాకు చేతనైన పని ఒక్కటీ లేదమ్మా’ అన్నారోరోజు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నాన్నకి బాగా చేతనైంది గాలం వేయడం. చిన్నప్పుడు మాకు కాలవగట్టు మీద ఆయన పట్టిన చేపలే కూర.

మనం చూస్తే.. అదీ చూస్తుంది

మొదటి రెండు రోజులూ ఒడ్డునుంచే ప్రయత్నించారు. బెండు కట్టి, ఎర గుచ్చి, రాతిమీద గంటలకొద్దీ కూర్చున్నారు. అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. చేపలు ఎర దగ్గరికొస్తాయి, చూస్తాయి, వెళ్లిపోతాయి. ‘మన కాలవ నీళ్లు బురద కాబట్టి చేపకి దారం కనపడదు. ఇక్కడ నా మొహం కూడా కనపడుతున్నట్టుంది’ అన్నారు నాన్న.

ఆయన చెప్పింది నిజమే. ప్రముఖ రచయిత మార్క్ ట్వైన్ కూడా 1872లో వచ్చిన ‘రఫింగ్ ఇట్’లో ఇదే రాశాడు. పడవ కింద ట్రౌట్లు వేలల్లో కనిపించినా, వారానికి ఒకటి పడటమే గగనమైందట. దారం వాటికి స్పష్టంగా కనపడటం వల్లేనేమో అని ఆయన అనుమానం.

ఈ తేటదనాన్ని శాస్త్రవేత్తలు 1968 నుంచీ కొలుస్తున్నారు. తెల్లటి పళ్లెంలాంటిదాన్ని నీళ్లలోకి దించుతూ, ఎంత లోతు వరకూ కనిపిస్తుందో చూస్తారు. అప్పట్లో సగటున 31 మీటర్లు. ఇప్పుడు 20 మీటర్లకు అటూఇటూ ఉంటోంది. తగ్గినా, మన కళ్లకి అదీ అద్భుతమే.

బెండు లేదు, గుండు ఉంది

మూడో రోజు తెల్లారకముందే ఓ గైడ్ పడవ మాట్లాడుకున్నాం. ఇక్కడ పెద్ద చేప మాకినా. దీన్నే లేక్ ట్రౌట్ అంటారు. చల్లటి నీళ్లంటే ఇష్టం కాబట్టి ఎండాకాలం బాగా లోతుకి దిగిపోతుంది. అక్కడికి ఎర పంపడానికి ‘డౌన్‌రిగ్గర్’ వాడతారు. తీగకి బరువైన గుండు కట్టి దించుతారు. గాలం దారాన్ని ఓ క్లిప్‌తో ఆ తీగకి తగిలిస్తారు. చేప లాగగానే దారం క్లిప్ నుంచి ఊడొస్తుంది. ఇక చేపకీ మనకీ మధ్య దారం ఒక్కటే.

నాన్న రెండు నిమిషాలు పరీక్షగా చూసి, ‘మన సీసం గుండే కదా, కాస్త పెద్దది చేశారంతే’ అని తేల్చేశారు.

సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి కర్ర ఒక్కసారిగా వంగింది. సాయం చేద్దామని గైడ్ చెయ్యి చాపాడు. నాన్న ఇవ్వలేదు. చేప పరిగెడితే దారం వదులుతూ, ఆగితే చుడుతూ, ‘ఒరేయ్, తొందరపడి లాగకూడదు. దాన్ని అలవనివ్వాలి’ అని మా ఎనిమిదేళ్ల వాడికి పాఠం మొదలెట్టారు. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆర్నెల్లలో వాళ్లిద్దరూ ఒకే పనిమీద అంతసేపు ఉండటం అదే మొదటిసారి.

చివరికి వలలోకొచ్చింది.. బూడిదరంగు ఒంటిమీద లేతరంగు చుక్కలతో దాదాపు రెండు కిలోల మాకినా.

ఊరి చేప ఏమైంది?

నిజానికి మాకినా ఇక్కడిది కాదు. 19వ శతాబ్దం చివర్లో బయటినుంచి తెచ్చి వదిలారు. తాహో సొంత చేప లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్. విపరీతంగా పట్టేయడం, గుడ్లు పెట్టే వాగులు పాడవడం, కొత్త చేపల పోటీ.. అన్నీ కలిసి 1930ల చివరికల్లా సరస్సులో లేకుండా పోయింది. ఇప్పుడు మళ్లీ పెంచి వదులుతున్నారు. గైడ్ చెప్పిందంతా వివరిస్తే, ‘మన చెరువుల్లో ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌లాగా అన్నమాట’ అన్నారు నాన్న.

మీరూ వెళ్తుంటే..

* 16 ఏళ్లు దాటినవాళ్లకి కాలిఫోర్నియాలో ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి. ఒక్కరోజు లైసెన్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

* మనిషికి రోజుకి రెండు మాకినాలకు మించి పట్టుకోకూడదు.

* సన్నటి ఫ్లోరోకార్బన్ దారం వాడండి. నీళ్లలో తక్కువగా కనిపిస్తుంది.

* తెల్లవారుజామే మంచి సమయం. ఎండెక్కితే కష్టం.

* వేసవిలోనూ నీళ్లు చల్లగా ఉంటాయి. పడవలో లైఫ్ జాకెట్ విప్పొద్దు.

మాకినాకి కొవ్వెక్కువ. చింతపండు పులుసుకి భలే కుదిరింది. తిరుగు ప్రయాణంలో కారెక్కగానే నాన్న అడిగిన మొదటి మాట.. ‘మనింటి దగ్గర చెరువేమైనా ఉందా అమ్మా? ఈసారి ఏడాది లైసెన్సే తీసుకో!’