పీఠం లేని మనుషులు

గ్రీసులో మికొనోస్ రేవు నుంచి పడవెక్కితే అరగంటలో డీలోస్ దీవి వస్తుంది. మొత్తం మూడున్నర చదరపు కిలోమీటర్లు లేదు. చెట్టూ చేమా తక్కువ, రాయి ఎక్కువ. అపోలో, ఆర్టెమిస్ దేవతలు పుట్టిన చోటని ప్రాచీన గ్రీకులు కొలిచిన నేల అది. 2019 మే నుంచి అక్టోబరు ఆఖరు దాకా అక్కడి శిథిలాల నడుమ, కొండల మీద, ఒడ్డు రాళ్ల మీద 29 ఇనుప మనుషులు నిలబడి ఉన్నారు. చేసింది బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ. ఏర్పాటు చేసింది నియాన్ అనే సాంస్కృతిక సంస్థ, అక్కడి పురావస్తు విభాగంతో కలిసి.

నేను రాతిపని చేసేదాన్ని. పాత కట్టడాల దగ్గర కొత్త శిల్పం పెడుతున్నారంటే నాకు ముందు గుండె గుబేలుమంటుంది. పక్కనున్న ప్రాచీనత నుంచి గొప్పదనం అరువు తెచ్చుకునే బొమ్మలు చాలా చూశాను. ఆ ఎండాకాలం డీలోస్‌లో చూసింది అది కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు ఆ దీవి సంగతి చెప్పాలి.

క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు దీవిని శుద్ధి చేస్తున్నామంటూ సమాధులన్నీ తవ్వించారు. అస్థికలను ఎదురుగా ఉన్న రెనియా దీవికి చేరవేశారు. ఇకమీదట ఈ పవిత్ర భూమి మీద ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు అన్నారు. నెలలు నిండిన తల్లినీ, కొన ఊపిరితో ఉన్న ముసలివాడినీ పడవలో అవతలికి పంపాల్సిందే. తర్వాత రోమన్లు దీన్ని సుంకం లేని రేవు చేశారు. వర్తకులు వచ్చారు, బానిసల బేరగాళ్లు వచ్చారు. క్రీ.పూ. 88లో మిత్రిదాతెస్ సేనలు, 69లో సముద్రపు దొంగలు ఊరిని దోచేశాక డీలోస్ మళ్లీ తేరుకోలేదు. ఇప్పుడు సందర్శకులెవరూ అక్కడ రాత్రి ఉండటానికి లేదు.

ఆ దీవిలో నడుస్తుంటే నా కంటికి మొదట ఆనింది పీఠాలు. ఎటు చూసినా పీఠాలే, పైన విగ్రహాల్లేవు. నాక్సోస్ ప్రజలు అపోలోకు సమర్పించిన మహావిగ్రహం దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు ఉండేదట. విగ్రహమూ పీఠమూ ఒకే రాయి అని దాని పీఠం మీద గర్వంగా చెక్కించుకున్నారు. ఆ పీఠం ఇంకా అక్కడే ఉంది. మొండెం ముక్కలు కాస్త దూరంలో పడి ఉన్నాయి, చెయ్యి ఆ దీవి మ్యూజియంలో ఉంది, పాదం ముక్క లండన్‌లో ఉంది. క్లియోపాత్రా అనే గృహిణి ఇంట్లో ఆమె విగ్రహం, భర్త డయోస్కోరిదెస్ విగ్రహం పక్కపక్కనే ఉండేవి. ఈమె ఈజిప్టు రాణి కాదు. భర్త అపోలో గుడికి వెండి ముక్కాలి పీటలు రెండు సమర్పించాడని ఆవిడే పూనుకుని ఈ విగ్రహాలను నిలబెట్టించింది. చీర కుచ్చిళ్లంత నాజూగ్గా చెక్కిన వస్త్రపు మడతలు ఈనాటికీ నిలిచాయి. ఇద్దరికీ తలల్లేవు.

గోర్మ్లీ మనుషులకు పీఠాల్లేవు. నేరుగా నేల మీదే నిలబడ్డారు. మనిషంత ఎత్తే, అంతకు మించి లేరు. చాలావరకు అతని సొంత ఒంటి కొలతే. ఒంటికి ప్లాస్టిక్ పొర చుట్టించుకుని, పైన ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డ వేయించుకుని, అది గట్టిపడేదాకా కదలకుండా నిలబడతాడు. ఏళ్ల తరబడి ఈ అచ్చులు తీసింది ఆయన భార్య, చిత్రకారిణి విక్కెన్ పార్సన్స్. ఆ అచ్చు ఆధారంగా ఇనుము పోత పోస్తారు. కొన్ని మాత్రం ఇటుకల్లాంటి దిమ్మెలు పేర్చి మనిషిని చేసినవి.

ఒకదాని దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అచ్చు అతుకు గీత పక్కటెముకల మీదుగా దిగింది. దాన్ని అరగదీసి దాచలేదు. ముఖంలో కన్ను లేదు, పెదవి లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి, కింది నల్లరాయి మీది నాచు రంగుకు దగ్గరపడింది. మధ్యాహ్నం చెయ్యి దగ్గరికి తీసుకెళితే సెగ కొట్టింది. దాని మడమ నీడలో ఒక బల్లి సర్దుకుంది. పాలరాయి పగిలితే నిన్న పగిలినట్టే తెల్లగా మెరుస్తుంది. ఇనుము అలా కాదు, రోజూ కొంచెం కొంచెం కరిగిపోతుంది. శాశ్వతంగా ఉంటాననే పొగరు దానికి లేదు. ఆ బొమ్మ చూస్తున్న దిక్కుకే నేనూ చూశాను. ఎదురుగా రెనియా. చనిపోవాల్సినవాళ్లను పంపిన ఒడ్డు. అంతకుముందు అటువైపు నేను ఒక్కసారీ తల తిప్పలేదు. ఈ ప్రదర్శన మీద నా గౌరవమంతా అక్కడ మొదలైంది.

గోర్మ్లీ కేంబ్రిడ్జిలో పురావస్తు శాస్త్రం, మానవశాస్త్రం చదివాడు. 1970ల మొదట్లో మన దేశానికి వచ్చి విపశ్యన ధ్యానం నేర్చుకున్నాడు. అది తెలిసినందుకేనేమో, ఖాళీ పీఠాల మధ్య నాకు అమరావతి స్తూపం గుర్తొచ్చింది. అక్కడి తొలి శిల్పుల పలకల్లో బుద్ధుడి రూపం ఉండదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న జనం. లేని మనిషిని అంత బలంగా చూపించిన పల్నాటి సున్నపురాయి పలకల్లో ఎక్కువ భాగం లండన్‌కూ చెన్నైకూ వెళ్లిపోయింది.

ఇప్పుడు అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడు ఉన్నాడు. భక్తితో చేసిన పని, దండం పెడతాను. కానీ అంత పెద్దదాన్ని చూసొచ్చిన కన్ను స్తూపం దిబ్బ దగ్గర చిన్న పగులునూ, అరిగిన పద్మాన్నీ వెతకదు. ఎత్తుతో పని జరగదని నా గట్టి నమ్మకం.

మన శిల్పకళా విద్యార్థులకు అమరావతి స్తూపం దగ్గర ఒక్క శీతాకాలం ఇచ్చి చూడాలి. మనిషి ఎత్తు దాటకూడదు, నేలలో గునపం దిగకూడదు, గడువు తీరగానే తీసేయాలి. డీలోస్ బొమ్మలూ అలాగే వెళ్లిపోయాయి. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు నిర్మాణం నిషేధమని చట్టం ఉంది, ఉండాలి కూడా. ఇది కట్టడం కాకపోయినా అనుమతి అడగాల్సిందే. ఆ దరఖాస్తు రాయడానికి నేను సిద్ధం. మొదటి బొమ్మ ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను: ప్రదక్షిణ చేసే దారికి అడ్డం రాకుండా, దానికి బయట, ఆ పలకలు ఒకప్పుడు నిలిచిన వైపు ముఖం పెట్టి.