సముద్రంలో జారిపడిన పెట్టెలు

2025 మే 24న విళింజం రేవు నుండి కొచ్చికి వస్తున్న ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ అనే లైబీరియా జెండా నౌక ఒక ప్రక్కకు ఒరిగి, మరునాడు మునిగిపోయింది. నావికులు 24 మందినీ రక్షించగలిగారు. సరుకు మాట వేరు. నౌకలోని 640 కంటైనర్లలో 13 ప్రమాదకరమైనవి. వాటిలో పన్నెండింటిలో ఉన్నది నీరు తగిలితే మండే వాయువును పుట్టించే కాల్షియం కార్బైడ్. కొద్ది రోజులలోనే కేరళ తీరానికి పెట్టెలూ, లెక్కకందని ప్లాస్టిక్ గుళికలూ కొట్టుకువచ్చాయి. ఇసుకను జల్లెడ పట్టి ఆ గుళికలను ఏరవలసి వచ్చింది.

నౌకే మునిగితే లోకమంతటికీ తెలుస్తుంది. తుఫానులో నాలుగు పెట్టెలు మాత్రమే జారిపడితే? సగం మునిగి తేలే ఉక్కుపెట్టె రాత్రివేళ చేపల పడవకు కనిపించదు.

అందుకే సముద్రంలో ప్రాణరక్షణకై ఏర్పడిన 1974 నాటి అంతర్జాతీయ ఒడంబడికను 2024లో సవరించారు. ఆ సవరణ 2026 జనవరి 1న అమలులోకి వచ్చింది. పెట్టెలు కోల్పోయిన కెప్టెన్ సమీపంలోని నౌకలకు, దగ్గరి తీరదేశానికి, తన జెండా దేశానికి వెంటనే తెలపాలి. తేలుతున్న పెట్టెను చూసిన ఇతర నౌక కెప్టెన్ సైతం మౌనం వహించరాదు. హోరుగాలిలో లెక్క తప్పవచ్చు గనుక, తనిఖీ అనంతరం కచ్చితమైన సంఖ్య చెప్పే వీలుంచారు. ఇది వివేకమైన ఏర్పాటే.

మన పరిసర సముద్రభాగంలో నౌకలకు హెచ్చరికలు ప్రసారం చేసే బాధ్యత భారతదేశానిదే. అయితే ఆ ప్రసారాన్ని అందుకొనే యంత్రం నాటుపడవలో సాధారణంగా ఉండదు. అక్కడికి ఆ కబురు చేర్చే పని తీరప్రభుత్వాలకు మిగిలే ఉంది.