గ్రామఫోను రికార్డులు ఎందుకు వంకరపోతాయి?

మన సభ్యులలో పలువురి ఇళ్ళలో, పాత సూట్‌కేసులోనో అటకమీది అట్టపెట్టెలోనో, తండ్రులనాటి గ్రామఫోను రికార్డులు కొన్ని పడివుంటాయి. వాటిని వినిపించే యంత్రం లేకపోయినా పారవేయుటకు మనసొప్పదు. ఆ రికార్డులు పగులుతాయేమోనని భయపడతాము గాని, వంగిపోతాయన్న ఆలోచన రాదు. నాకూ రాలేదు. ప్లాస్టిక్కుల రసాయనశాస్త్రమే వృత్తిగా బ్రతుకుతున్నవాడికి అది తోచకపోవటం మరింత సిగ్గుచేటు.

2014 జూలైలో తెనాలి నుండి మా నాన్నగారి రికార్డులను హ్యూస్టన్‌కు తెచ్చుకున్నాను. విమానంలో పెట్టెకు 23 కిలోలే అనుమతి. ఎల్.పి. రికార్డు కవరుతో కలిపి పావుకిలోకు కాస్త తక్కువ తూగుతుంది గనుక, లెక్కవేసి డెబ్బైరెండింటిని ఎంచుకొని, అమ్మ పాతచీరలను నడుమ చుట్టి సర్దాను. ఒక్కటైనా పగలకుండా చేరినవి. విమానాశ్రయం నుండి వస్తూ దారిలో ఒక మిత్రుని ఇంట భోజనానికి ఆగాము. పెట్టె కారు వెనుక అద్దం క్రింద ఉన్నది. మూడు గంటల తరువాత ఇంటికి వచ్చి తెరచి చూస్తే, అద్దంవైపు ఉన్న పదకొండు రికార్డులు అప్పడాల వలె వంకరలు తిరిగినవి. వాటిలో నాన్నగారు ప్రతి ఏకాదశినాడు తెల్లవారుజామున వేసే ఘంటసాల గారి భగవద్గీత కూడ ఒకటి. ఫోనులో అమ్మ ఒక్కమాటే అన్నది: “మీ నాన్న నలభై ఏళ్ళు తెనాలి ఎండల్లో కాపాడాడు, నువ్వు మూడు గంటలు కాపాడలేకపోయావా నాయనా?”

ప్రశ్న న్యాయమైనది. రోహిణీకార్తెలో రోళ్ళు పగిలే చోట చెడని వస్తువు ఇక్కడ ఒక్క మధ్యాహ్నంలో ఎందుకు చెడినది? దీనికి సమాధానం కావాలంటే రికార్డు దేనితో తయారైనదో ముందు తెలియవలెను.

వినైల్ రికార్డు అనేది కేవలం పాలీవినైల్ క్లోరైడ్ కాదు. వినైల్ క్లోరైడ్, వినైల్ ఎసిటేట్ అను రెండు రకముల అణువులను ఒకే గొలుసులో కూర్చిన పదార్థమది. ఎసిటేట్ పాలు సాధారణంగా నూటికి అయిదు నుండి పదిహేను వంతులు. నల్లరంగు కొరకు మసి, వేడికి విచ్ఛిన్నం కాకుండా స్థిరీకరణ ద్రవ్యాలు కొద్దిగా కలుపుతారు. ఈ ఎసిటేటును ఊరక చేర్చలేదు. పదార్థం తేలికగా కరగి, వెంట్రుక మందంకన్న సన్నని గాళ్ళలోనికి సైతం పూర్తిగా చొచ్చుకొనిపోవుటకు అది కావలెను. కాని తేలికగా మెత్తబడే గుణం అచ్చులో ఉన్నప్పుడు వరము, కారులో ఉన్నప్పుడు శాపము.

పాలిమర్ అణువులు పొడవైన దారాల వంటివి. చల్లగా ఉన్నప్పుడు అవి చిక్కుపడి, కదలక, గాజువలె గట్టిగా ఉంటాయి. ఒక హద్దు దాటి వేడెక్కితే ఒకదానిపై ఒకటి జారుతాయి. ఈ హద్దునే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు. శుద్ధమైన పాలీవినైల్ క్లోరైడ్‌కు ఇది సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు. ఎసిటేట్ కలిసిన రికార్డు పదార్థానికి మరికొంత తక్కువ. పైగా ఇది గీత గీసినట్లుండే హద్దు కాదు. దానికి పది, పదిహేను డిగ్రీల దిగువనే, బరువో ఒత్తిడో తోడైతే, అణువులు మెల్లగా జరుగుట మొదలుపెడతాయి.

ఇక లెక్క చూడండి. తెనాలిలో బయట 45 డిగ్రీలున్నా, మందపు గోడల ఇంటిలో, టేకు బీరువాలో, నీడలో 40 దాటదు. హద్దుకు చాలా దూరం. హ్యూస్టన్‌లో ఆనాడు బయట 36 డిగ్రీలే. కాని మూసిన కారులో ఎండ అద్దం గుండా లోనికి వచ్చి, వేడిగా మారి, తిరిగి పోలేక చిక్కుకుంటుంది. రెండు గంటలలో లోపలి గాలి 60 డిగ్రీలు చేరవచ్చును. ఎండ నేరుగా తగిలే నల్లని తలాలు 70 కూడ దాటుతాయి. అనగా వాతావరణం కాదు నేరస్థుడు, అద్దము.

వేడి అంతటా సమానంగా పడితే కొంత మేలు. ఒక వైపే పడినందువలన కీడు రెట్టించినది. ఈ ప్లాస్టిక్కు 30 సెంటీమీటర్ల పొడవున, 40 డిగ్రీలు వేడెక్కితే, ముప్పాతిక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఎండ తగిలిన అంచు అంత పెరిగి, నీడలోని అంచు పెరగకపోతే, ఆ అధికమైన పొడవు పోవుటకు చోటు లేక అలవలె పైకి లేస్తుంది. గట్టి స్థితిలోనే ఉంటే చల్లారగానే తిరిగి చదునవుతుంది. మెత్తబడి ఉంటే అణువులు ఆ క్రొత్త ఆకారానికే సర్దుకొని, చల్లారిన తరువాత అక్కడనే బిగుసుకొంటాయి.

రికార్డు పుట్టుకలోనే ఈ దోషానికి బీజం కొంత ఉన్నది. ఆవిరితో వేడెక్కిన రెండు అచ్చుల నడుమ, సుమారు 150 డిగ్రీల వద్ద, ముద్దను నొక్కి, వెంటనే నీటితో చల్లార్చి తీస్తారు. అంతా అరనిమిషం పని. ఆ తొందరలో లాగబడిన అణువులు పూర్తిగా సేదతీరక, ఒత్తిడితోనే గడ్డకట్టుతాయి. మళ్ళీ వేడి తగిలిననాడు ఆ పాత ఒత్తిడి మేల్కొంటుంది. ఒకే పెట్టెలో ప్రక్కప్రక్కనున్న రెండు రికార్డులలో ఒకటి వంగి, ఒకటి వంగకపోవటానికి ఇదొక కారణం.

మన ఇళ్ళలోని 78 రికార్డుల సంగతి వేరు. భారతదేశంలో 1960ల దాకా వచ్చిన ఈ బరువైన రికార్డులలో వినైల్ లేదు. మోదుగ, రేగు వంటి చెట్లపై పురుగులు పెట్టే లక్క, దానికి తోడు పలకరాతి పొడి మొదలగునవి ఉంటాయి. లక్క ఎంత వేడికి ఏమవుతుందో లక్కయింటి కథ విన్న జాతికి చెప్పనక్కరలేదు. అది వినైల్ కన్న ముందే మెత్తబడుతుంది, చల్లగా ఉన్నప్పుడు పెంకువలె పగులుతుంది. మరొకమాట: లక్క సారాయంలో కరుగుతుంది. వినైల్ రికార్డులకు అమ్మే ఆల్కహాలు గల ద్రవాలతో 78 రికార్డును తుడిచితే పాట గుడ్డకు అంటుకొని వస్తుంది.

వేడి లేకపోయినా, కాలమూ బరువూ కలిసి ఆ పనినే నెమ్మదిగా చేయగలవు. గోడకు ఏటవాలుగా ఆనించిన రికార్డు తన బరువుకు తానే ఏళ్ళ తరబడి వంగుతుంది. ఒకదానిపై ఒకటి దొంతి పెట్టుట ఇంకొక పొరపాటు. సాధారణంగా రికార్డు నడుమ కాగితం అంటించిన చోటా, అంచునా కొంచెం మందంగా, గాళ్ళున్న భాగం పలుచగా ఉంటుంది. దొంతిలో పైబరువంతా ఆ ఎత్తైన చోట్ల ఆని, నడుమనున్న గాళ్ళ భాగానికి ఆధారం లేకుండాపోతుంది. పెద్దవాటి మధ్య చిన్న రికార్డులు చేరితే మెట్టు ఏర్పడి మరింత చేటు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కొరకు పికెట్, లెమ్కో అనువారు 1959లో వెలువరించిన అధ్యయనం కూడ రికార్డులను నిలువుగానే ఉంచవలెనని చెప్పినది. మన పూర్వులు తాళపత్రాలకు పైనా క్రిందా చెక్కపలకలు పెట్టి త్రాడు బిగించినది ఈ సూత్రం తెలిసియే. ముఖమంతటికీ సమానమైన ఆధారం దొరికిన వస్తువు వంగదు.

కావున అలమరలో రికార్డులను నిటారుగా నిలిపి, జానెడు దూరం మించకుండా అడ్డుపలకలు పెట్టండి. పలక రికార్డు ఎత్తంతా ఉండవలెను. సగం ఎత్తు పలకలు వంపునకు మడత స్థానమవుతాయి. నిండుగా ఉండాలి, ఇరుకుగా ఉండరాదు. ఒకదానిని రెండు వేళ్ళతో తీయగలిగితే సరిపోయినట్లే. అడుగు పొడవు అలమరలో ఇవి 35 పౌనుల పైమాటే తూగుతాయి గనుక, పుస్తకాల కొరకు కొన్న పలుచని అలమర తానే ముందు వంగుతుంది. బయటిగోడకన్న లోపలిగోడ మేలు. నేలలో వేడిగాలి వచ్చే జాలీ దగ్గర, కిటికీ ఎండలో, ఆంప్లిఫైయరు పైన పెట్టరాదు. 20 డిగ్రీల ప్రాంతపు గది చాలు. అటక, గరాజు మాత్రం పూర్తిగా నిషిద్ధం. టెక్సాస్ వేసవిలో అటక కారుకేమీ తీసిపోదు.

కొత్త రికార్డుపై బిగించిన పారదర్శకపు పొరను తీసివేయండి. అది కాలక్రమాన ముడుచుకొని అట్టను, దానితో రికార్డును కూడ వంచుతుంది. మెత్తని వినైల్ సంచులు చూపునకు బాగుంటాయి గాని, వాటిలోని మెత్తదనపు ద్రవ్యం మెల్లగా బయటికి వచ్చి రికార్డుపై మసకగా పేరుతుంది. పాలీఎథిలీన్ సంచులకు ఆ గుణం లేదు.

వంగిన దానిని బాగుచేయవచ్చునా? కొంతవరకు. ముందుగా అవసరమున్నదా అని చూడవలెను. ఎల్.పి. 1.8 సెకండ్లకొకమారు తిరుగుతుంది. ఆ లయలో కొద్దిగా పైకీ క్రిందికీ ఊగే ముల్లు పాటను చెరపదు. గాడి వదలి ఎగిరినా, స్వరం తూలినా మాత్రమే చికిత్స. వంటింటి ఓవెను జోలికి పోకండి. దాని ఉష్ణోగ్రత ఇటూ అటూ పది డిగ్రీలు పోతుంది, మన హద్దు అంతకన్న ఇరుకు.

నేను పాతసామానుల కొట్టులో డాలరుకొకటి చొప్పున దొరికిన రికార్డులపై ముందు చేయి తిప్పుకున్నాను. రెండు దళసరి గాజుపలకల నడుమ పెట్టి, ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచగల చిన్న పెట్టెలో వేడిచేశాను. 65 డిగ్రీలకు పళ్ళెం అద్దంలా చదునైనది, పాట గొంతు మూసుకొనిపోయినది, గాళ్ళు నలిగినవన్నమాట. 50కి మార్పే లేదు. 55 వద్ద ఎనిమిది గంటలుంచి, తెల్లవార్లూ చల్లారనిస్తే సంతృప్తికరమైన ఫలితం వచ్చినది. పలకలపై ఒక్క ఇసుకరేణువున్నా అది రికార్డులో అచ్చు పడుతుంది గనుక తుడుచుటకే అరగంట పట్టేది.

పదకొండింటిలో ఎనిమిది వినదగినవైనవి. రెండింటికి అంచు మరీ మడతపడినందున ప్రయత్నించలేదు. ఒకటి నా చేతిలోనే పాడైనది. భగవద్గీతను అన్నిటికన్న చివర పెట్టాను. మొదటివైపు తొలి నాలుగు నిమిషాలలో, గాళ్ళు వెలుపలి అంచున ఉన్నంతసేపు, చుట్టుకొకమారు ‘సుయ్’మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ముల్లు లోపలికి సాగిన తరువాత ఉండదు. మరుసటి ఏడు అమ్మ వచ్చినప్పుడు ఏకాదశినాడు వేసి వినిపించాను. ఆ చప్పుడు వినగానే పైకి చూసి, ఫ్యాను ఆపమన్నది.