అక్క ల్యాప్‌టాప్ చచ్చిపోలేదు!

మా ఇంట్లో ఓ ల్యాప్‌టాప్ ఉంది. 2015లో అక్క బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. అక్క పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, ల్యాప్‌టాప్ మాత్రం సంగం జాగర్లమూడిలోనే ఉండిపోయింది. తెనాలి ప్రెస్సులో చాలాకాలం డీటీపీ చేసిన నాన్న, ఇప్పుడు ఇంటి దగ్గర దాని మీదే పెళ్లికార్డులు, కరపత్రాలు డిజైన్ చేస్తుంటాడు. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ ఇంకా తిరుగుతూనే ఉండేది.

ఈ ఏడాది చెల్లి డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది. పైథాన్ ప్రాక్టీస్ చేయాలి. అప్పటికే తెర మీద ఓ హెచ్చరిక వస్తోంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందట. బాగు చేయిద్దామని ఓ షాపుకి తీసుకెళ్తే, "దీని పని అయిపోయింది తమ్ముడూ, కొత్తది తీసుకో, నలభై వేలల్లో వస్తుంది" అన్నాడు. చెల్లి ఏమీ మాట్లాడలేదు. ఆ నలభై వేలు మా ఇంట్లో ఎక్కడా లేవని దానికీ తెలుసు.

గుంటూరు నుంచి శనివారం సాయంత్రం ప్యాసింజర్‌లో ఇంటికి వస్తూ ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను.

అసలు గొడవ ఎక్కడ?

విండోస్ 11కి మారిపోదామంటే మా దానికి అర్హత లేదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉండాలి. మాది ఐదో తరం. పాత విండోస్‌కే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి ఉంది. కానీ అది వాయిదా మాత్రమే. స్లో అనే రోగం అలాగే ఉంటుంది.

ఇక మిగిలింది లినక్స్. పేరు వింటే భయపడతాం గానీ, మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేదీ లినక్స్ కెర్నలే. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు మొదలుపెట్టాడు. ఫ్రీగా వస్తుంది. వాటిలో నేను లినక్స్ మింట్ ఎంచుకున్నా. పాత మెషీన్లకి తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. ఫైల్ దాదాపు 3 జీబీ. ఓ 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు.

చెరపకుండానే చూడొచ్చు

నాకు బాగా నచ్చింది ఇదే. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 (కొన్ని బ్రాండ్లకి ఎఫ్9 లేదా ఎస్కేప్) నొక్కితే కొత్త ఓఎస్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోదు. సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు. మాకు అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశా. ఆ నెట్‌తోనే వైఫై డ్రైవర్ దిగింది.

ఆ ఊపులో ఇన్‌స్టాల్ నొక్కేశా. వరసగా నెక్స్ట్, నెక్స్ట్. ఓ చోట రెండు దారులు కనిపించాయి: డిస్క్ మొత్తం చెరిపి పెట్టడమా, విండోస్ పక్కన పెట్టడమా అని. చెరిపితేనే ఫాస్ట్‌గా ఉంటుందనుకుని మౌస్ అటు తీసుకెళ్లా.

"ఒరేయ్ ఆగరా! అందులో నా కార్డుల ఫైళ్లున్నాయి" అన్నాడు నాన్న వెనక నుంచి.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పదేళ్ల పని. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పాత కార్డు తీసి పేర్లు మార్చేది ఆ ఫైళ్లలోనే. నానమ్మ ఫొటోలూ అందులోనే ఉన్నాయి, ఆవిడ ఇప్పుడు లేదు. నేను బ్యాకప్ తీయలేదు. ఇంకో రెండు క్లిక్కులైతే అన్నీ పోయేవి.

అన్నీ మూసేసి, పక్కింటి బాబాయ్ దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్క్ అడిగి తెచ్చి, రాత్రి 11 దాకా కాపీ చేశాం. ఆ తర్వాతే మొదలుపెట్టాం. ఈసారి విండోస్ పక్కనే పెట్టాం.

ఇప్పుడెలా ఉంది?

ఇంతకుముందు నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషం లోపే తెర వస్తోంది. ఏమీ తెరవకుండా ఉంటే ర్యామ్ దాదాపు 800 ఎంబీ వాడుతోంది. పైథాన్ అందులోనే ఉంది. ఆదివారం పొద్దున చెల్లి రాసిన మొదటి ప్రోగ్రామ్ దాని పేరుని పదిసార్లు ప్రింట్ చేసింది. అందరినీ పిలిచి చూపించింది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేయొచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థలు లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి చేసిన పని గురించి కూడా అప్పుడే తెలిసింది.

అంతా బాగుందని మాత్రం చెప్పను. నాన్న పేజ్‌మేకర్ ఇందులో నేరుగా నడవదు. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, అవి యూనికోడ్ కాదు కాబట్టి. అందుకే నాన్నకి విండోస్ అలాగే ఉంచాం, నెట్ కలపకుండా. పవర్ నొక్కగానే ఏది కావాలో అడుగుతుంది. నాన్న ఒకటి, చెల్లి ఒకటి. ఒకటే ల్యాప్‌టాప్, రెండు కాపురాలు!

మీ ఇంట్లోనూ అటక మీద ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పడేసే ముందు ఓ పెన్‌డ్రైవ్‌తో ట్రై చేయండి. అయితే ముందు బ్యాకప్, ఆ తర్వాతే ఇన్‌స్టాల్. వెనక నుంచి "ఆగరా" అనడానికి అందరికీ నాన్న పక్కన ఉండకపోవచ్చు.