సెలెరీకి చలి ఎక్కడ తగులుతుంది?

"మా ఊళ్లో సెలెరీ పండుతుందా? ఎకరానికి లక్షలు మిగులుతాయని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా?" అని బస్తర్‌లోని గీదం నుంచి ఒక పాఠకుడు రాశారు. లక్షల సంగతి ఆఖరున చూద్దాం, చోటు మిగిలితే. పండుతుందా అన్న ప్రశ్నను మాత్రం వదలబుద్ధి కావడం లేదు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన రోడ్డు గీదంలో చీలి ఒకటి దంతెవాడ, బైలడిలా వైపు, ఇంకొకటి బీజాపూర్ వైపు పోతుంది. సెలెరీ విషయంలోనూ ఆ ఊరు సరిగ్గా అలాంటి చీలిక దగ్గరే ఉంది. కారణం అక్కడి చలి.

ముందు పరిచయం ముగించేద్దాం. సెలెరీది కొత్తిమీర, వాము, జీలకర్ర, సోంపు, క్యారట్‌ల కుటుంబం. యూరప్, మధ్యధరా తీరాల చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క. మనం తినే భాగం కాండం అనుకుంటాం గానీ అది ఆకు కాడ. విత్తనాలు గ్రాముకు 2,500 దాకా తూగుతాయి. మట్టి కప్పితే సరిగా మొలవవు, వాటికి వెలుతురు తగలాలి. వేడి 30 డిగ్రీలకు చేరితే మొరాయిస్తాయి. మొలకకు రెండు మూడు వారాలు, నారుమడిలో మొత్తం రెండు నెలలు, నాటాక మరో మూడు నెలలు. తడి ఆరకూడదు. సాగు పద్ధతి ఇంతే, తక్కినవి ఏ కరపత్రంలోనైనా దొరుకుతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఒక సెలెరీ మొక్కను కత్తితో నిలువుగా చీల్చి చూడండి. కాడలన్నీ కలిసే చోట, అడుగున, అంగుళం కూడా ఉండని తెల్లటి ముద్ద ఒకటి కనిపిస్తుంది. కాండం అంటే అదీ. దాని నెత్తిన, లేత ఆకుల మధ్య కంటికి ఆనీ ఆననట్టుగా మొవ్వు ఉంటుంది. మొవ్వు ఆకులు పుట్టిస్తున్నంత కాలం రైతుకు పంట. అది పూల వైపు మళ్లిందంటే ఆ తెల్లటి ముద్ద కాస్తా మూడడుగుల కాండమై లేస్తుంది, కాడలు పీచు పట్టి చేదెక్కుతాయి. ఆ తర్వాత వాటిని ఏ హోటలువాడూ తీసుకోడు.

కొత్తిమీర పెంచినవాళ్లకు ఈ బాధ తెలుసు. కాకపోతే కొత్తిమీర ఎండలు ముదిరితే పూతకొస్తుంది, సెలెరీ చలి తగిలితే పూతకొస్తుంది. అదీ వెంటనే కాదు. చలి తగిలేది జనవరిలో, పూకాడ లేచేది రోజులు పొడుగై వేడెక్కాక. మధ్యలో వారాలు గడిచిపోతాయి కాబట్టి అసలు కారణం ఎవరికీ తట్టదు, అప్పుడు కళ్ల ముందున్న దాని మీద నింద పడుతుంది.

అమెరికాలో సెలెరీ రైతులు చేసింది అదే. పంట అకాలంగా పూతకొస్తే విత్తనాల వ్యాపారి మోసం చేశాడన్నారు కొందరు. నీటి ఎద్దడి వల్లనో, నారు పీకినప్పుడు వేళ్లు తెగడం వల్లనో ఎదుగుదల కుంటుపడి పూత వచ్చిందన్నారు మరికొందరు. ఈ రెండో మాట పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెచ్. సి. థాంప్సన్ ఆ నిందలన్నింటినీ ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. నీళ్లు తగ్గించి ఎదుగుదలను అడ్డుకున్నా వెచ్చగా ఉన్న మొక్కలు పూతకు రాలేదు. కొన్నాళ్లు చల్లటి చోట ఉంచినవి మాత్రం వచ్చాయి. ఆ ఫలితాలు 1929లో కార్నెల్ బులెటిన్‌గా వెలువడ్డాయి. వ్యాపారి పాపం నిర్దోషి.

సరే, చలే కారణం. మరి ఆ చలిని మొక్కలో ఏ భాగం పసిగడుతుంది? ఆకా, వేరా, మొక్క మొత్తమా? ఈ ప్రశ్నకు అదే కార్నెల్‌లో ఒటిస్ కర్టిస్, హెచ్. టి. చాంగ్ చేసిన ప్రయోగం నాకు మహా ఇష్టం. 1930లో ప్రచురించారు. వెచ్చని గాజు ఇంట్లో సెలెరీ మొక్కలు పెట్టి, మొదలు చుట్టూ సన్నటి గొట్టం చుట్టి, అందులోంచి చల్లటి నీళ్లు పారించారు. ఆకులకు వెచ్చదనం, మొవ్వుకు మాత్రమే చలి. మొక్కలు పూతకొచ్చాయి! తర్వాత తిరగేశారు. మొక్కను చల్లటి చోట పెట్టి, గొట్టంలో గోరువెచ్చటి నీళ్లు పారించారు. ఆకులన్నీ చలిలోనే ఉన్నా పూత లేదు. ఒక గొట్టం, కాసిన్ని నీళ్లు, అంతే. కోట్ల రూపాయల పరికరాలున్న ప్రయోగశాలలు కూడా ఇంత శుభ్రంగా ఒక ప్రశ్నను తేల్చడం అరుదు.

పగలు ఎంత పొడుగుందో కొలిచేది ఆకు అని సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ వంటివారు 1930లలోనే చూపించారు. చలిని కొలిచేది మొవ్వు. ఒకే మొక్క రుతువును రెండు చోట్ల నుంచి గమనిస్తోందన్నమాట.

ఇదే విషయంలో ఘోరంగా పొరపడినవాడు మరొకడున్నాడు, ట్రోఫిమ్ లైసెంకో. శీతాకాలపు ధాన్యాలకు చలి అవసరమని జర్మనీ శాస్త్రవేత్త గుస్తావ్ గాస్నర్ 1918లోనే రాశాడు. దశాబ్దం తర్వాత లైసెంకో తడిపిన గోధుమ విత్తనాలకు చలి చూపించి సోవియట్ పత్రికల్లో వీరుడయ్యాడు. అక్కడితో ఆగాడా? చలి నేర్పిన పాఠం తర్వాతి తరాలకూ సంక్రమిస్తుందన్నాడు, జన్యుశాస్త్రమే బూటకమన్నాడు. అతన్ని ఎదిరించిన నికొలాయ్ వవిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు కూడబెట్టిన ఆ మహానుభావుడు 1943లో సరాతోవ్ జైల్లో చనిపోయాడు. లైసెంకో పెత్తనం 1960ల దాకా సాగింది.

చిత్రమేమిటంటే మొక్కకు చలి నిజంగానే గుర్తుంటుంది. పిల్లకు మాత్రం ఆ జ్ఞాపకం అందదు, గింజలో పిండం తయారయ్యేటప్పుడు చెరిగిపోతుంది. ఈ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో తేలింది. అందులో ఎఫ్ఎల్‌సీ అనే జన్యువు పూతకు అడ్డుపడుతుంటుంది. చలి వారాల తరబడి తగిలితే ఆ జన్యువు చుట్టుకుని ఉన్న హిస్టోన్ ప్రోటీన్ల మీద రసాయన గుర్తులు పడి, అది మూతపడుతుంది. కణం విడిపోయినా ఆ గుర్తులు పిల్ల కణాలకు చేరతాయి. బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో కరోలైన్ డీన్, మార్టిన్ హోవర్డ్ బృందం 2011లో దీనికి ఒక అందమైన మలుపు చేర్చింది. ఒక్కో కణంలో జన్యువు పూర్తిగా తెరిచైనా ఉంటుంది, పూర్తిగా మూసైనా ఉంటుంది, సగం సగం ఉండదు. రాత్రి పొద్దుపోయేకొద్దీ ఊళ్లో ఒక్కో ఇంటి దీపం ఆరినట్టు, చలి రోజులు పెరిగేకొద్దీ మూతపడిన కణాల సంఖ్య పెరుగుతుంది. నాలుగు రోజుల చలికి మొక్క మోసపోకుండా ఉండేది అందుకే. సెలెరీ కుటుంబం వేరు, ఇందులో పాత్రధారులు అచ్చంగా వాళ్లే కానక్కర్లేదు. లెక్క పెట్టే తీరు మాత్రం అలాగే ఉంటుంది: కొన్నాళ్లపాటు వరసగా చలి, అదీ మొవ్వుకు.

ఇక గీదం దగ్గరికి వద్దాం. సెలెరీ మొవ్వు బాగా లెక్కలోకి తీసుకునే చలి ఇంచుమించు 5 నుంచి 10 డిగ్రీలు. పైకి పోయేకొద్దీ ప్రభావం పలచబడుతుంది, 14 దాటితే దాదాపు ఉండదు. బస్తర్ పీఠభూమి మీద జగదల్‌పూర్‌లో డిసెంబర్, జనవరి రాత్రుల సగటు కనిష్ఠం 11 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గీదం దానికన్నా కాస్త పల్లంలో ఉంది. అంటే రాత్రిపూట మొవ్వుకు చలి తగిలీ తగలనట్టు తగులుతుంది. పగలు 27, 28 డిగ్రీల ఎండ దాన్ని కొంత రద్దు చేస్తుంది, చలి వెనకే వేడి తగిలితే పూత ప్రేరణ తగ్గుతుందని థాంప్సన్ పరీక్షల్లోనే కనిపించింది. మరీ చిన్న నారు అసలు చలిని పట్టించుకోదు, కాస్త ఎదిగాకే ఆ తెలివి వస్తుంది.

కాబట్టి కాడల కోసమైతే గీదంలో చలికాలపు పంట తీయొచ్చు. గింజల కోసమైతే వద్దు. సెలెరీ గింజ మన మసాలా ఎగుమతుల్లో ఒకటి, సుగంధ ద్రవ్యాల బోర్డు జాబితాలో ఉంది. అది ప్రధానంగా పంజాబ్‌లో, అమృత్‌సర్ పరిసరాల్లో పండుతుంది. అక్కడి రాత్రులు అయిదారు డిగ్రీలకు దిగుతాయి, మొక్కలన్నీ ఒక్కసారిగా పూతకొస్తాయి. మే నెలకల్లా గింజ కోతకొస్తుంది. న్యూయార్క్ రైతు ఏడ్చిన పూత కోసమే పంజాబ్ రైతు ఎదురుచూస్తాడు. గీదంలో సగం మొక్కలు పూసి సగం పూయక, రెంటికీ చెడే ప్రమాదం ఉంది.

మొవ్వుకు ఇంకో గండముంది: లోపలి లేత ఆకులు నల్లబడి కుళ్లిపోవడం. చాలాకాలం దీన్ని తెగులే అనుకున్నారు. ఫ్లోరిడాలో జెరాల్డ్‌సన్ 1950లలో తేల్చింది ఏమిటంటే, అది కాల్షియం కొరత. కాల్షియం నీటితో పాటు పైకి పోతుంది, నీరు ఎక్కువ ఆవిరయ్యేది బయటి పెద్ద ఆకుల్లోంచి. మధ్యలో మూసుకుని ఉన్న మొవ్వుకు మిగిలేది అంతంతమాత్రం. బస్తర్ మెట్ట నేలలు, అక్కడివాళ్లు మర్హాన్, టిక్రా అనేవి, ఎర్రటి ఆమ్ల నేలలు, సున్నం, అంటే కాల్షియం, తక్కువ. తేమ నిలిచే మాల్, గభార్ నేలలు నయం. అక్కడ వరి కోశాక నాటాలంటే అదను దాటిపోతుంది కనుక స్వల్పకాలిక వరి వేసిన మడి చూసుకోవాలి. మట్టి పరీక్ష చేయించి సున్నం వేశాకే ముందుకెళ్లాలి.

లక్షల మాట మిగిలింది. వీడియోల్లో ఎకరం దిగుబడిని పెద్ద నగరపు చిల్లర ధరతో గుణించి చూపిస్తారు, కొనేవాడెవడో చెప్పరు. సెలెరీలో 95 శాతం నీరు, కోసిన సాయంత్రానికే వడలడం మొదలు. మన వంటింట్లో దానికి చోటు లేదు, ఫ్రైడ్ రైస్, సూప్‌లు చేసే హోటళ్లే గిరాకీ. గీదానికి రైలుంది, కొత్తవలస–కిరండూల్ లైను మీద నేరుగా విశాఖ చేరొచ్చు, కానీ అది ఇనుప ఖనిజం కోసం వేసిన లైను, ఆకుకూరల కోసం కాదు. నా తీర్పు: ఎకరం వద్దు, రెండు సెంట్లు చాలు, అదీ హోటళ్లతో ముందే బేరం కుదిరితే.

ఆ రెండు సెంట్లు వేస్తే ఒక సాయం చేయండి. మడిలో, మొక్క మొదలు ఎత్తున కనిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు ఒకటి పెట్టి, డిసెంబర్, జనవరి రాత్రుల అంకెలు రాసుకోండి. ఎన్ని మొక్కలు పూతకొచ్చాయో లెక్కపెట్టి పత్రికకు పంపండి, ఇక్కడే ప్రచురిస్తాం.