కరెంటు బిల్లు పెరిగితే ఎక్కడ వెతకాలి?



ఎండలు ముదిరాక మన ఇళ్ళల్లో ఒక కాగితం మీద పెద్ద పంచాయితీ జరుగుతుంది. అదే కరెంటు బిల్లు. "పోయిన నెలకి రెట్టింపు వచ్చిందేమిటి?" అంటారు ఇంటాయన. పగలంతా ఇంట్లో ఉండేది మనమే గనుక జవాబూ మనమే చెప్పుకోవాలి. మర్నాటినుంచి పొదుపు మొదలవుతుంది. ఆ పొదుపు ముందుగా ఎవరిమీద పడుతుందో ఎప్పుడైనా గమనించారా? మధ్యాహ్నం నడుం వాల్చిన అత్తగారు తనంతట తనే లేచి ఫ్యాను కట్టేస్తారు. "నాకేం ఉక్కగా లేదులేమ్మా" అంటారు. వైశాఖమాసంలో, విశాఖపట్నంలో, ఉక్కగా లేదట!

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువుని గంటసేపు వాడితే ఒక యూనిట్. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు. అంటే 13 గంటలు దాటి తిరిగితేగాని ఒక యూనిట్ కాదు. బాత్‌రూంలోని 2,000 వాట్ల గీజరు అరగంటలో ఆ యూనిట్ మింగేస్తుంది. పెద్దావిడ నాలుగు గంటలు చెమటలో తడిసి మిగిల్చిందంతా గీజరుకి తొమ్మిది నిమిషాల ఖర్చన్నమాట. పైగా వయసు మళ్ళినవాళ్ళకి మన తీరంలోని ఉక్క ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి యూనిట్లు ఎక్కడికి పోతున్నాయో ముందు తెలుసుకుని, ఆ తరవాతే పొదుపు మాట ఎత్తుదాం.

మొదట బిల్లునే చదవండి. రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. పోయినసారి రీడింగు ఏ తారీకున తీశారు, ఈసారి ఏ తారీకున తీశారు? మధ్యలో 28 రోజులుంటే ఒక లెక్క, 34 రోజులుంటే ఇంకో లెక్క. వీలైతే నిరుడు ఇదే నెల బిల్లు పక్కన పెట్టుకోండి. ఏప్రిల్‌ని ఫిబ్రవరితో పోలిస్తే గుండె గుభేలుమనడం తప్ప ప్రయోజనం లేదు.

తరవాత శ్లాబుల సంగతి. మన రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2022లో ఇళ్ళకి ఖరారు చేసిన రేట్లు ఇలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకి యూనిట్ రూ. 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు రూ. 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. మెట్లమెట్లుగా ఎక్కుతుందన్నమాట. ఈ లెక్కన 225 యూనిట్లకి 1,017 రూపాయలైతే, 400 యూనిట్లకి 2,548 రూపాయలు. వాడకం రెట్టింపైనా కాలేదు, డబ్బు మాత్రం రెండున్నర రెట్లయింది! స్థిర ఛార్జీలూ, ఇంధన సర్దుబాటు ఛార్జీలూ వీటికి అదనం. చాలా ఇళ్ళలో "మీటరు పాడైంది" అని అనుమానించేది ఈ మెట్టు దగ్గరే. మీటరు తప్పు చెప్పడం ఎప్పుడో గాని జరగదు. నిజంగా అనుమానముంటే రుసుము కట్టి పరీక్ష చేయించమని విద్యుత్ సంస్థని అడిగే హక్కు మనకుంది. అంతకన్నా ముందు ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చులేనిది.

ఒక పగటిపూట తీరిక చూసుకుని ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టి.వి., ఛార్జర్లు, ఇన్వర్టరు అన్నీ స్విచ్చుల దగ్గర కట్టేయండి. మెయిన్ మాత్రం అలాగే ఉంచి మీటరు దగ్గరికి వెళ్ళి నిలబడండి. మీటరు మీద ఒక ఎర్రదీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. వాడకం పెరిగినకొద్దీ అది గబగబా కొట్టుకుంటుంది. అన్నీ కట్టేశాక అది మిణకకూడదు. ఐదు నిమిషాలు ఓపిగ్గా చూడండి. అప్పుడూ మిణుకుతుంటే రెండే అర్థాలు. మీ లైనులోంచి ఎవరిదో వస్తువు నడుస్తోంది, లేదా ఎక్కడో కరెంటు కారిపోతోంది.

మొదటిదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. మాకు తెలిసిన ఒక కుటుంబం పది రోజులు ఊరెళ్ళి వచ్చారు. ఫ్రిజ్ సహా అన్నీ కట్టేసే వెళ్ళారు. వచ్చి చూస్తే మీటరు 40 యూనిట్లు నడిచింది. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళని, ఇంటివాళ్ళు పనిమనిషిని అనుమానించారు. పాపం ఆ పిల్ల, "తాళం మీ దగ్గిరే ఉంది కదమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి, "అన్నీ ఆర్పీసినా మీటరు తిరుగుతున్నాదేటమ్మా?" అంటూ తీగ వెంబడి వెతికితే, మెట్లమీది దీపాలూ, కిందనున్న చిన్న మోటారూ వీళ్ళ మీటరుకే తగిలించి ఉన్నాయి. ఇల్లు కట్టినప్పటి నిర్వాకం అది. అప్పటిదాకా ఆ అమ్మాయి మోసిన నింద ఎవరు తీరుస్తారు?

ఇక రెండోది, కరెంటు కారడం. ఇది బిల్లుతో పోయే వ్యవహారం కాదు. గీజరులోని హీటరు కడ్డీ పగిలినా, మోటారు చుట్టలో తేమ చేరినా కరెంటు నీటిలోకీ, రేకులోకీ పాకుతుంది. ఎర్త్ తీగ సరిగా ఉంటే నేలలోకి పోతుంది, మీటరు తిరుగుతుంది. ఎర్త్ లేకపోతే కుళాయి తిప్పిన మనిషికి కొడుతుంది. స్నానాల గదిలో కుళాయి ముట్టుకుంటే "చిన్నగా జివ్వుమంటోంది" అని పిల్లలు చెబితే ఆ నిమిషమే గీజరు కట్టేసి మెకానిక్‌ని పిలవండి, మర్నాటికి వాయిదా వెయ్యకండి. మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. అనే స్విచ్చు ఉందో లేదో కూడా అడగండి. 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టించుకుంటే కరెంటు కారిన మరుక్షణం తనే పడిపోతుంది. ఒక్కోచోట, "మాటిమాటికీ పడిపోతోంది" అని విసుక్కుని దాన్ని తీయించేస్తారు. కుక్క మొరుగుతోందని కుక్కని తరిమేసినట్టు!

ఇంతవరకూ ఏ దోషమూ కనబడకపోతే వేసవి బిల్లుకి కారణం నూటికి తొంభైపాళ్ళు ఏ.సి.యే. దీని పనితీరు కాస్త తెలుసుకోవాలి. ఏ.సి. చలిని తయారు చెయ్యదు. నూతిలోంచి నీళ్ళు తోడి బయట పోసినట్టు, గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. టన్నున్నర యంత్రం గంటకి ఐదు యూనిట్లకి పైగా విలువైన వేడిని తోడుతూ, అందుకు సుమారు ఒకటిన్నర యూనిట్ కరెంటే తింటుంది. చలిదేశాల్లో ఇదే యంత్రాన్ని తిరగేసి, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. హీట్ పంపు అంటే ఇదే. అమెరికాలో కాపురమున్న మన పిల్లలు జనవరి బిల్లు చూసి గాభరాపడేది దీనితోనే. గోడమీది మీట "ఎమర్జెన్సీ హీట్" మీద ఉండిపోతే పంపు పక్కకి తప్పుకుని ఒట్టి హీటరు తీగలు కాలుతుంటాయి, ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. మన దగ్గరా కొన్ని అపార్టుమెంట్లలో, హాస్టళ్ళలో మేడమీద హీట్ పంపు పెట్టి వేణ్ణీళ్ళు కాస్తున్నారు. అక్కడ బిల్లు హఠాత్తుగా పెరిగితే మొదట చూడాల్సిందీ ఇదే, పంపు నడుస్తోందా, లేక సాయానికి పెట్టిన కాయిలే రోజంతా కాలుతోందా అని.

నూతి పోలిక ఎందుకు తెచ్చానంటే, నూతి లోతుని బట్టే తోడే శ్రమ. 18 డిగ్రీలు పెట్టుకుంటే నూతిని మనమే లోతు చేసుకున్నట్టు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు కలిసొస్తుందని కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. ఆ సంస్థ నిబంధన ప్రకారం 2020 జనవరి నుంచి వచ్చిన స్టారు గుర్తు ఏ.సి.లు వెయ్యగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. ఆ 24ని అలాగే ఉంచి, పైన ఫ్యాను సన్నగా తిరగనివ్వండి. 18 పెట్టి దుప్పటి కప్పుకోవడంలో సుఖమేమిటో నాకు ఎప్పుడూ బోధపడదు.

మన ఊరికి ప్రత్యేకమైన బాధలు రెండున్నాయి. ఒకటి ఉప్పుగాలి, దానికి తోడు దుమ్ము. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్ళలో బయటిపెట్టె వెనక అల్యూమినియం రేకులు తెల్లగా పొడిపొడిగా రాలడం చూసే ఉంటారు. వన్‌టౌను, జ్ఞానాపురం, మల్కాపురం వైపు బొగ్గుదుమ్ము అదే రేకుల మధ్య కూరుకుపోతుంది. వేడి బయటకి పోయేది ఆ రేకుల సందుల్లోంచే. అవి మూసుకుపోతే యంత్రం ఎక్కువసేపు ఆయాసపడుతుంది. లోపలి జల్లెడ పదిహేను రోజులకోసారి మనమే కడుక్కోవచ్చు. బయటిపెట్టెని మెకానిక్ చేత మెయిన్ కట్టేసి మంచినీళ్ళతో కడిగించాలి. అన్నట్టు, "గ్యాసు అయిపోయిందమ్మా" అని ఏటా నింపి వెళ్ళేవాళ్ళుంటారు. ఏ.సి.లో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. ఆ చోటు పట్టుకుని మూయకుండా నింపితే డబ్బు సముద్రంలో పోసినట్టే.

రెండోది తేమ. ఏ.సి. గొట్టంలోంచి బకెట్టులోకి కారే నీళ్ళు మన గది గాలిలోవే. ఆవిరిని ఒక లీటరు నీరుగా మార్చడానికి యంత్రానికి పావు యూనిట్‌కి కాస్త తక్కువ కరెంటు ఖర్చవుతుంది. సముద్రపుగాలి వస్తుందని బాల్కనీ తలుపు ఓరగా తెరిచి ఏ.సి. వేసుకున్నా, ఆరని బట్టలు ఆ గదిలో దండెం మీద వేసినా, ఆ తడి అంతా మన డబ్బుతోనే బకెట్టులోకి చేరుతుంది. ఒక రాత్రి బకెట్టు కొలవండి, మరునాడు తలుపులు బిగించి మళ్ళీ కొలవండి. రాత్రి పదింటికీ పొద్దున్న ఆరింటికీ మీటరు రీడింగు కూడా రాసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అపార్టుమెంటు పై అంతస్తులవాళ్ళకి ఇంకో మాట. డక్టులో బయటిపెట్టెలు ఒకదానిపైన ఒకటి బిగించేస్తారు. కింది ఇంటి యంత్రం వదిలిన వేడిగాలినే పై ఇంటి యంత్రం పీలుస్తుంది. దానికి తోడు పైకప్పు ఎండ. అందుకని ఐదో అంతస్తు అమ్మాయికి బిల్లెక్కువొస్తే దుబారా మనిషని అనకండి. పెట్టెని డక్టులోంచి బయటి గోడకి మార్పించుకోనివ్వాలి, మేడకి తెల్లసున్నమో, చలవ పెయింటో అందరూ కలిసి వేయించాలి.

చివరికి ఉమ్మడి మీటరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక నగరంలో వీధిదీపాలు ఎల్.ఇ.డి.లయ్యాయి గాని, చాలా భవనాల మెట్లమీద పాత ట్యూబులైట్లే పట్టపగలు వెలుగుతున్నాయి. చోకుతో కలిపి ఒక్కొక్కటీ 50 వాట్లు దాటుతుంది. అయితే అసలు ఖర్చు నీళ్ళ మోటారుది. కింద సంపు దగ్గర అడుగున ఉండే వాల్వు కారిపోయినా, మేడమీద ట్యాంకు తేలుబంతి చెడినా మోటారు అదేపనిగా తిరుగుతుంది, మెయింటెనెన్సు అందరి నెత్తినా పడుతుంది. నాలుగు రోజులపాటు మోటారు ఎన్నింటికి వేశారో, ట్యాంకు ఎన్నింటికి నిండిందో వాచ్‌మన్ భార్య చేత ఒక పాత క్యాలెండరు మీద రాయించండి. నలభై నిమిషాల్లో నిండే ట్యాంకు గంటన్నర పడుతుంటే ప్లంబరుని పిలవాల్సిన వేళయింది.